దారి బాగానే ఉందన్నాను

వైతోరు మట్టికోట,
1868 జూలై 6.

అక్కయ్యా,

నువ్వు పంపిన మూట అందింది. మేజోళ్ళు మూడు జతలని రాశావు, నా చేతికొచ్చినవి అయిదే. ఆరోది దారిలో ఏ ఒంటికాలి వాడికి పనికొచ్చిందో మరి. కుంకుమపువ్వు రొట్టె బూజు పట్టి వచ్చింది. బూజు గీకేసి నేనూ, డాక్టర్ కోరీ, మన పెథెరిక్ ముగ్గురం పంచుకున్నాం. యూరెన్ పిన్ని ఇంకా మీ ఇంట్లోనే ఉంటోందిగా, ఆవిడతో చెప్పు: కొడుకు పెథెరిక్ లెఫ్టినెంటు అయ్యాక కూడా, పెద్ద ముక్క ఎవరికి పడిందా అని కళ్ళతో కొలవడం మానలేదని.

ఇక్కడ పదకొండు రోజులుగా వాన. గోడ మట్టి కరిగి కందకంలోకి జారుతుంది. దాన్ని మళ్ళీ ఎత్తి గోడ మీద పోస్తాం. ప్రస్తుతానికి మా యుద్ధం ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. మా కల్నల్ హేవర్‌స్టాక్ గారు ఓరంగిహావు మీదికి దండు తీసుకెళ్ళాలని పట్టుబట్టారు. మావోరీల ఊరది. ఇక్కడికి పద్నాలుగు మైళ్ళు. రెండు వాగులు దాటాలి, ఆపైన అంతా అడవి. మావాళ్ళు మూడు వందలమందిలో సగం మంది మూడు నెలల ఒప్పందం మీద చేరినవాళ్ళు. ఆగస్టు నెలాఖరుకి తుపాకులు అప్పజెప్పి ఇళ్ళకి పోతారు. ఆలోపల ఏదో ఒకటి చేసి చూపించకపోతే పరువు పోతుందని ఆయన బెంగ.

ఆయన లేనప్పుడు మా భోజనాల గుడారంలో మాటలు నువ్వు వినాలి. "ఈ వానలో ఆ అడవిలోకి నా కుక్కని కూడా పంపను," అంటాడు మేజర్ బుల్లివాంట్. "గాయపడ్డవాణ్ణి అంతదూరం మోసుకు రావాలంటే, మార్చి మార్చి, మనిషికి ఎనిమిది మంది కావాలి. ఇరవై మంది పడ్డారనుకోండి, ఇక తుపాకీ పట్టేదెవరు?" అంటాడు కోరీ. అందరం తలలూపుతాం. అంతలో కల్నల్ గారు తెర ఎత్తుకుని లోపలికొస్తారు. "ఏమిటయ్యా చర్చ?" అంటారు. "ఏం లేదు సార్, పంది మాంసం మరీ ఉప్పగా అయిపోయిందని," అంటాడు బుల్లివాంట్. అందరం మాంసం వైపు చూస్తాం.

నన్ను పీడించేది ఇంకొకటుంది. ఆయన బల్ల మీద పరిచి వేలితో గీతలు చూపించే పటం నాది. పదేళ్ళ కిందట సర్వేలో ఉన్నప్పుడు గీశాను. రావిరి జ్ఞాపకమున్నాడా? నా కొలతల గొలుసు పట్టుకుని మూడేళ్ళు నాతో తిరిగాడు. మన ఇంటికొచ్చి నాన్న కుర్చీలో కూచుంటే నువ్వు గుడ్లురిమావు. వాడి ఊరే ఓరంగిహావు. అడవిలోంచి ఊళ్ళోకి వెళ్ళే దారి వాడే నన్ను వెంటపెట్టుకుని చూపించాడు. నేను కాగితం మీద గీస్తుంటే, "హేకో," అన్నాడు. వాళ్ళ నోట నా పేరు అలా తిరుగుతుంది. "నడిచేవాడికి దారి తెలుసు. నడవనివాడికి ఇదెందుకు?" అన్నాడు. "తప్పిపోకుండా," అన్నాను. ఇప్పుడు వాడు అటువైపు, నేను ఇటువైపు.

పదేళ్ళలో ఆ అడవిలో ఏం పెరిగిందో, ఏం కూలిందో నాకు తెలియదు. ఆ దారి అసలుందో లేదో తెలియదు. ఆ ముక్క కల్నల్ గారితో చెప్పాలి. రేపు చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ వారం గడిపేశాను.

ఇది నీ కడుపులోనే పెట్టుకో. బావగారికి చెప్పకు. ఆయనకి చెబితే ఊరంతటికీ దండోరా వేసినట్టే.

నీ తమ్ముడు
జేగో


నెల్సన్,
జూలై 15.

ఒరేయ్ జేగో,

నీ ఉత్తరం చదివి ఒకరోజంతా నీ మీద కోపంతో తిరిగాను. మర్నాడు పొద్దున్న లేచి రాస్తున్నాను, కాబట్టి సగం కోపమే మిగిలిందనుకో.

ఇక్కడ ఎండ బాగానే కాస్తోంది. ఆపిల్ చెట్లకి కొమ్మలు కత్తిరిస్తున్నాం. మీ బావకి మోకాలు నొప్పి. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.

చిన్నప్పుడూ నువ్వంతే. పిల్లలందరూ ఏట్లో దూకేస్తే నువ్వు ఒడ్డున నిలబడి, "నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అని అడిగేవాడివి. దిగేవాడివి కాదు, ఇంటికీ పోయేవాడివి కాదు. భయమేస్తే భయమేసిందని చెప్పు. తప్పనిపిస్తే తప్పని చెప్పు. ఆ మేజరు కుక్క సంగతీ, డాక్టరు లెక్కా నాకు రాసి ఏం లాభం? నేనేమన్నా కల్నల్‌నా? నీకు రావిరి మీద జాలో, నీ ప్రాణం మీద తీపో, నీ పటం మీద అనుమానమో, నాకు ఎన్నిసార్లు చదివినా తేలలేదు. నీకన్నా తేలిందా?

యూరెన్ పిన్నికి నీ ఉత్తరం చూపించలేదులే. ఆవిడ సంతోషం ఆవిడది. పెథెరిక్ రాశాడట: "మా కెప్టెన్ గారు గీసిన దారేనమ్మా, కళ్ళకి గంతలు కట్టినా నడిచిపోతారు" అని. రోజూ భోజనమయ్యాక అక్షరం అక్షరం మీద వేలు పెట్టుకుని అదే చదువుకుంటోంది. ఆ వేలు చూడలేక నేను గిన్నెలు తీసుకుని లేచిపోతాను.

బావకి చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు. కుట్టుపెట్టెలో దాస్తే, గుండీ కోసం వెతుకుతూ ఆయనే చదివేశాడు. పాపం చాలాసేపు మాట్లాడలేదు. అది నేను పెళ్ళయినప్పటినుంచీ చూడలేదు. చివరికి, "ఇది పైవాళ్ళ చెవిన పడాలే," అన్నాడు. ఆ మాట నా తలలో తిరుగుతోంది.

వానలో తడవకు. గుండెకి ఆవాల పట్టీ వేసుకో.

అక్క
కెజైయా


వైతోరు,
జూలై 27.

అక్కా,

నీ ఉత్తరమూ, మీ నెల్సన్ పత్రికా ఒకే సంచీలో వచ్చాయి. పత్రిక కల్నల్ గారికి, ఉత్తరం నాకు.

పత్రికలో పడింది నువ్వు చదివే ఉంటావు. "వైతోరు కోటలో ఒక మాజీ సర్వేయరు గారున్నారు. మూడేళ్ళు మావోరీల బంగాళదుంపలు తిన్న విశ్వాసం ఆయన్ని ఇంకా వదల్లేదు. తన వణుకుని తోటి అధికారులకి కూడా అంటిస్తున్నారని వినికిడి."

నిన్న కల్నల్ గారు అందర్నీ పిలిచి అది చదివి వినిపించారు, నవ్వుతూనే. "ఇది నువ్వేనా పెన్‌హేల్?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపలే పత్రిక మడిచి పక్కన పెట్టేశారు. తర్వాత ఆచారం ప్రకారం చిన్నవాడి దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కర్నీ అడిగారు, పోదామా వద్దా అని. పెథెరిక్, "పోదాం సార్," అన్నాడు. వాడికి నిజంగానే పోవాలనుంది. నా వంతు వచ్చింది.

"నీ పటంలో దారి ఎలా ఉంటుంది?"

"బాగానే ఉంటుంది సార్," అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. "నా కంపెనీని ముందు వరసలో పెట్టండి," అని కూడా అన్నాను. కోరీ నా మొహం చూసి తల దించుకున్నాడు. "దారి గీసినవాడే ముందు నడుస్తానంటుంటే వద్దనడానికి నేనెవర్ని?" అన్నాడు బుల్లివాంట్. అలా అయిపోయింది. పావుగంట కూడా పట్టలేదు.

నేను రాసింది నీ ఒక్కదానికే అక్కా. అది పత్రికలో ఎలా పడిందో ఆలోచిస్తుంటే ఒకే ఇల్లు కనపడుతోంది. భయమేస్తే భయమని చెప్పమన్నావు కదా, మీ ఊరే నా తరపున చెప్పేసింది. ఇక నేను చెబితే ఎవరు నమ్ముతారు?

ఎల్లుండి తెల్లవారగానే బయల్దేరుతున్నాం.

జేగో


నెల్సన్,
జూలై 29.

నాయనా జేగో,

నా మీద కోపగించుకో, పరవాలేదు. ముందు ఇది చివరిదాకా చదువు.

నీ మొదటి ఉత్తరం ఇక్కడి పత్రిక సంపాదకుడికి ఇచ్చింది బావ అనుకుంటావేమో, కాదు, నేను. నా చేత్తో ఇచ్చాను. పేర్లు లేకుండా, "ఈ దండయాత్ర తప్పని అధికారులందరికీ తెలుసు, ఎవరైనా ఆపండి" అని వెయ్యమన్నాను. గవర్నమెంటువాళ్ళ కంట పడితే ఆగిపోతుందనుకున్నాను. ఆయన మన ఇంట్లో కూచుని తలూపాడు, టీ తాగాడు, కేకు రెండు ముక్కలు తిన్నాడు. అచ్చులో వచ్చింది చూశాక పరుగున వెళ్ళి అడిగితే, "నలుగురూ చదవాలంటే కాస్త పోపు పెట్టాలమ్మా," అన్నాడు.

ఆ పత్రిక మీ కోటకి చేరకూడదని దేవుణ్ణి వేడుకుంటున్నాను. చేరినా, ఉక్రోషంతో ఏ వెర్రి పనీ చెయ్యకు.

ఇంకొకటి. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. పిరికివాడు రాసినట్టు చదివాను మొదటిసారి. అది పిరికివాడి ఉత్తరం కాదురా. నేనే తప్పుగా చదివాను. కల్నల్ దగ్గరికి పోయి, "దారి నాకు తెలియదు" అను. మూడే మాటలు. ఉద్యోగం పోతే పోయింది. ఇక్కడ ఆపిల్ తోటలో పని ఉంది.

ఓడ మధ్యాహ్నానికే వెళ్ళిపోతుందట, ఇంతటితో ఆపుతున్నాను. త్వరగా అందాలి, త్వరగా అందాలి.

నీ అక్క
కెజైయా


రేవు దగ్గర ఆసుపత్రి గుడారం,
ఆగస్టు 11.

అక్కా,

నీ 29వ తేదీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు అది రాస్తున్న వేళకి మేం అడవిలో ఉన్నాం.

పోయినవాళ్ళ పేర్ల జాబితా ఈపాటికి మీ ఊరికి వచ్చే ఉంటుంది. నా తొడలో గుండు కోరీ తీసేశాడు. నడుస్తానంటున్నాడు, కొంచెం ఎగుడుదిగుడుగా.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మొదటి వాగు నడుములోతు, రెండోది ఛాతీలోతు. తాళ్ళు కట్టి దాటాం. అడవి మొదలయ్యేచోట, నా పటంలో ఎక్కడ గీత ఉందో సరిగ్గా అక్కడే దారి ఉంది. ఎంత సంతోషించానో చెప్పలేను. అడ్డు తీగలు కోసేసి, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పుగా ఉంది. "చూశారా కెప్టెన్, మీరు గీసినట్టే ఉంది!" అన్నాడు పెథెరిక్. పదేళ్ళనాటి అడవిదారి అంత శుభ్రంగా ఎందుకుందన్నది నాకు తోచలేదు.

కాదు. తోచింది. ఒక్క క్షణం తోచింది. వెనక మూడు వందలమంది, ముందు నేను. ఆగితే ఏమనుకుంటారో అని ఆగలేదు.

మైలు దూరం పోయాక ఊరి పొగ కనిపించింది. అప్పుడు పేల్చారు. చెట్ల మీంచి, పక్కల నుంచి, కాళ్ళ దగ్గర గోతుల్లోంచి. ఒక్క మనిషీ కనపడడు. బుల్లివాంట్ నా పక్కనే, అలిసిపోయి కూచున్నవాడిలా కూలబడి మళ్ళీ లేవలేదు. తుపాకులు కాస్త సద్దుమణిగినప్పుడు చెట్ల వెనక నుంచి గొంతొకటి వినిపించింది. "హేకో! దారి తప్పలేదుగా?" వాళ్ళ భాషలో. మావాళ్ళలో అది అర్థమైంది నా ఒక్కడికే.

కల్నల్ గారు వెనక్కి మళ్ళమన్నారు. పెథెరిక్‌కి కడుపులో గుండు. రెండు తుపాకులకి దుప్పటి కట్టి నలుగురు మోశారు. సాయంత్రానికి వాగు దగ్గరికొస్తే నీళ్ళు పొద్దుటికంటే పొంగి పారుతున్నాయి. మోసేవాళ్ళలో ఇద్దరు ఒడ్డునే పడిపోయారు. "దించండి," అన్నాను. ఫెర్న్ పొద కింద దించారు. వాడు తెలివిలోనే ఉన్నాడు.

"ఇంకా ఎంతదూరం కెప్టెన్?" అన్నాడు.

"ఇంకో డోలీ వస్తోంది. ఇక్కడే ఉండు," అన్నాను.

"సరే సార్," అన్నాడు.

ఏ డోలీ రావడం లేదని నాకు తెలుసు. నేను తాడు పట్టుకుని దాటేశాను. ఇరవై ఆరుగురం తగ్గి కోటకి చేరాం.

పిన్నికి, గుండు తగలగానే పోయాడని చెప్పు. నీకు దణ్ణం పెడతాను, అలాగే చెప్పు.

పత్రిక సంగతి మర్చిపో. నా మీద పడ్డ ఒక్క నింద తుడుచుకోడానికి ముందు వరస అడిగినవాణ్ణి నేను. నువ్వు అడగమనలేదు.

జేగో


నెల్సన్,
ఆగస్టు 20.

జేగో,

నువ్వు చెప్పమన్నట్టు చెప్పలేకపోయాను.

టపా మనిషి ఉత్తరం ఇచ్చేసరికి పిన్ని వాకిట్లోనే ఉంది. నీ దస్తూరీ ఆవిడకి తెలుసు. "చదువు," అంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది. జాబితా వచ్చిన రోజునుంచీ ఆవిడ కంట చుక్క నీరు లేదు. ఏదో ఒకటి వింటేగానీ ఏడవను అన్నట్టుంది. చదవడం మొదలుపెట్టాను. వాగు దగ్గరికి వచ్చేసరికి ముందున్న రెండు మూడు పంక్తుల్లో సంగతి నా కంట పడింది. గొంతు మార్చకుండానే, "గుండు తగలగానే పోయాడు, బాధ పడలేదు" అని చదివేశాను.

"నీ కళ్ళు కిందికి జారాయి కెజైయా," అంది. "మధ్యలో చాలా వదిలేశావు. ఇలా ఇయ్యి."

ఇవ్వకుండా ఉండాల్సింది. చేతిలోంచి లాక్కోలేదు కూడా, చెయ్యి చాపిందంతే. నేనే ఇచ్చేశాను. వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. గంట పట్టింది. నేను కదలలేదు. "సరే సార్" దగ్గర వేలు చాలాసేపు ఆగిపోయింది.

తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి బంగాళదుంపలు తొక్క తీసింది. అందరికీ సరిపడా తీసింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి, "మీవాడికి ముందే తెలుసన్నమాట, ఆ దారి మంచిది కాదని," అంది. చేతులు తుడుచుకుంటూ, "మా వాడికి ఎవరూ చెప్పలేదు," అంది.

మర్నాడు తన పెట్టె తీసుకుని చర్చి వెనక గదికి మారిపోయింది. బావ వెళ్ళి బతిమాలాడు. తలుపు తియ్యలేదు.

నేను ఆ ఉత్తరం సంపాదకుడికి ఇవ్వకపోతే నువ్వు ముందు వరస అడిగేవాడివి కాదు. నువ్వెంత వద్దన్నా ఆ లెక్క నాకు మర్చిపోవడం కుదరడం లేదు.

కెజైయా


రేవు పట్నం,
అక్టోబరు 2.

అక్కా,

విచారణ అయిపోయింది. ముగ్గురు పెద్దలు, ఒక పొడుగు బల్ల, దాని మీద నా పటం.

కల్నల్ గారు చాలా స్థిమితంగా మాట్లాడారు. "నా అధికారుల్లో ఒక్కరు కూడా వద్దనలేదు," అన్నారు. అది నిజం అక్కా. ఆయన అబద్ధమాడుంటే నాకు సుఖంగా ఉండేది.

నేను లేచి చెప్పాను. అందరం వద్దనే అనుకున్నామనీ, ఆయన ముందు ఎవరమూ అనలేదనీ, దారి గురించి తెలియకుండానే బాగుందన్నాననీ చెప్పాను. "ఇది ఆనాడే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. "పత్రికలో పిరికివాడని రాశారు సార్, అందుకు," అన్నాను. వెనక ఎవరో నవ్వారు. కోరీని అడిగారు. "భోజనాల దగ్గర సవాలక్ష అనుకుంటాం. అవన్నీ లెక్కలోకి రావు," అన్నాడు. నా వైపు చూడకుండా బైటికి నడిచాడు. పెళ్ళాంబిడ్డలున్నవాడు. అతణ్ణి అనడానికి నాకేం హక్కుంది?

తప్పంతా వానదీ వాగుదీనట. మనుషులెవరిదీ కాదని తేల్చారు. కల్నల్ గారికి వేరే చోటికి బదిలీ, వెనకాల పొగడ్తల కాగితం ఒకటి. నేను రాజీనామా ఇచ్చేశాను. పటం తిరిగి ఇమ్మంటే, "అది సర్కారు సొత్తు, ముందు ముందు పనికొస్తుంది," అన్నారు.

ఇక్కడ సగంమంది నన్ను పిరికిపంద అంటారు, సగంమంది తోటివాళ్ళని బైటపెట్టిన ద్రోహి అంటారు. ఆపిల్ తోటకి రమ్మంటావని తెలుసు. పిన్ని ఉన్న ఊళ్ళో నేను తిరగలేను. పశువుల మందలు తోలే పని దొరికింది. పశువులు ఏమీ అనవు.

జేగో


నెల్సన్,
1870 ఫిబ్రవరి 13.

జేగోకి,

ఆర్నెల్లుగా నీ దగ్గర్నుంచి అక్షరమ్ముక్క లేదు. సరే, నేనే రాస్తున్నాను.

నిన్న ప్రార్థన అయ్యాక యూరెన్ పిన్ని నా పక్కకొచ్చి నిలబడింది. ఏడాదిన్నర తర్వాత. చిక్కిపోయింది. "అటువైపు యుద్ధం సద్దుమణిగిందంటున్నారు. మీ తమ్ముడికి వాళ్ళ భాష వచ్చుగా," అంది. వచ్చన్నాను. "మా వాడు ఎక్కడున్నాడో కనుక్కోమను," అంది. అంతే, వెళ్ళిపోయింది.

వెళ్తావో వెళ్ళవో నీ ఇష్టం. వెళ్ళమని నేను అనను. ఇదివరకు నేను చెప్పిన సలహాలు చాలు.

కెజైయా


రేవు పట్నం,
ఏప్రిల్ 19.

అక్కా,

ఓరంగిహావు వెళ్ళొచ్చాను. చర్చి ఉపదేశి చేత ముందు కబురు పంపితే, ఒంటరిగా, తుపాకీ లేకుండా వస్తే రానిస్తామన్నారు.

ఊరు సగమే ఉంది. నిరుడు ఇంకో దండు వచ్చి తగలబెట్టింది. వాళ్ళ చేతిలో ఉన్నది కూడా నా పటమేనని తర్వాత తెలిసింది. రావిరి బతికే ఉన్నాడు. గుడిసె ముందు కూచుని ఈల్ చేపల బుట్ట అల్లుతున్నాడు. నన్ను చూశాడు. కూచున్నవాడు కూచున్నట్టే అటు తిరిగి, వీపు నాకు పెట్టాడు. నేనున్నంతసేపూ ఇటు తిరగలేదు. నేనూ పలకరించలేదు, ఏమని పలకరించను?

రీపెకా అని ఒకావిడ, యాభై ఏళ్ళుంటాయి, నన్ను చిలగడదుంపల మడి వెనక్కి తీసుకెళ్ళి పెథెరిక్ సమాధి చూపించింది. చుట్టూ ఏటి రాళ్ళు పేర్చారు. గడ్డి పీకి శుభ్రంగా ఉంది. ఆవిడ చెప్పినదంతా ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను.

"మావాళ్ళు ఏటి దగ్గర చూసి ఈడ్చుకొచ్చారు. చంపబోతే నేనే వద్దన్నాను. దయ అనుకునేవు, దయ కాదు. అప్పుడే నా కొడుకు శవాన్ని తెచ్చి ఇంట్లో పెట్టారు. ఇంకో శవాన్ని చూసే ఓపిక లేకపోయింది. వీణ్ణి పక్క గుడిసెలో పడేశారు. ఒకటే అరుపు. నా కొడుకు కోసం నన్ను ఏడవనిచ్చాడా? లేచి వెళ్ళి నోర్ముయ్యరా అన్నాను. నా మాట వాడికి రాదు, వాడి మాట నాకు రాదు. నీళ్ళు కావాలని మాత్రం తెలిసింది. పోశాను. చెయ్యి పట్టుకున్నాడు. లాక్కుందామంటే వదలడు. అక్కడ నావాడు, ఇక్కడ వీడు. రెండు రోజులు ఆ గుడిసెకీ ఈ గుడిసెకీ తిరిగాను. మూడోనాడు పొద్దున్నే పోయాడు."

"ఏమైనా అన్నాడా?" అని అడిగాను.

"ఒకటే మాట, మాటిమాటికీ. అమ్మనో, దేవుణ్ణో. ఎవర్ని పిలిచినా అరుపు ఒకటేగా."

రాళ్ళ మధ్య గడ్డి పరక ఒకటి పీకి, "ఏటి దగ్గర వాణ్ణి వదిలింది ఎవరు?" అంది.

"నేనే," అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఉడకేసిన దుంపలు రెండు ఆకులో పెట్టి ఇచ్చింది. "తిని వెళ్ళు. వాన వచ్చేలా ఉంది, వాగు పొంగకముందే దాటు," అంది. తిన్నాను. అక్కడే కూచుని, ఆవిడ చూస్తుండగా రెండూ తిన్నాను.

ఇదంతా పిన్నికి చదివి వినిపించు. ఈసారి ఒక్క అక్షరం కూడా వదలకు.

జేగో


నెల్సన్,
మే 1.

జేగో,

పిన్ని గదికి వెళ్ళి చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు. "నోర్ముయ్యరా" అన్నది కూడా వదల్లేదు. అక్కడ ఆవిడ నవ్విందిరా. "నేనూ అలాగే అనేదాన్ని వాణ్ణి," అంది. ఆ తర్వాత ఏడ్చింది. ఇన్నాళ్ళకి ఏడ్చింది. నేను పక్కన కూచున్నాను. వెళ్ళమనలేదు.

చీకటి పడేదాకా అలాగే ఉన్నాం. లేవబోతుంటే నా శాలువా పట్టుకుని ఒకటే అడిగింది. "ఆవిడ కొడుకు పేరేమిటి?"

ఉత్తరం ముందూ వెనకా తిప్పి చూశాను. ఎక్కడా లేదు. "ఇకనుంచి ప్రార్థనలో మావాడితోపాటు చెప్పుకుంటాను, పేరు లేకుండా ఎలా?" అంది.

రాయడం మర్చిపోయావా? వెంటనే రాసి పంపు.

అక్క


రేవు పట్నం,
మే 12.

అక్కా,

మర్చిపోలేదు. అడగలేదు.

ఆవిడ నా ఎదురుగా కూచుని రెండుసార్లు నా కొడుకు, నా కొడుకు అంది. నేను అప్పుడు కూడా మన పెథెరిక్ గురించే వింటున్నాను.

జేగో